మొదటి పేజీలో పేరయ్య

పార్థసారథి ఆ రోజుకి పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. తార్నాకలో ఇంట్లో ఇడ్లీ తిని క్యాంపస్‌కి వెళ్ళడం, పదకొండింటికి వైస్ ఛాన్సలర్ గారి చేత తన పుస్తకం ఆవిష్కరింపజేసుకోవడం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం రిటైర్మెంట్. ఇందులో దెయ్యానికి ఎక్కడా చోటు లేదు.

బయట వారం రోజులుగా పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. ట్యూబులైటు వేసుకుని అద్దం ముందు నిలబడి, ఆయన ఎడమవైపు పాపిడి తీసుకుంటున్నాడు. ఒకసారి తీసి, నచ్చక చెరిపి, మళ్ళీ తీశాడు.

"ఏవండీ, ఆ ఉన్న నాలుగు వెంట్రుకలకీ అరగంట కావాలా? ఇడ్లీలు చల్లారిపోతున్నాయి," అంది భార్య అమ్మాజీ వంటింట్లోంచి.

"స్టేజీ మీద ఫోటోలు తీస్తారే."

"పుస్తకానికి వేయించుకున్నారుగా అంత పెద్ద ఫోటో! అది చాలదూ?"

"దాని ఊసెత్తకు," అని దువ్వెన బల్ల మీద పడేశాడు పార్థసారథి.

ఆ ఊసు ఎత్తకుండా ఈ కథ నడవదు కాబట్టి మనం ఎత్తుకోక తప్పదు. పుస్తకం పేరు 'ముద్రణ పదకోశం'. గ్యాలీ ప్రూఫ్ అంటే ఏమిటి, అక్షరం సైజుని పాయింట్లలో ఎందుకు కొలుస్తారు, ఫారం అంటే ఎన్ని పేజీలు, మార్జిన్ ఎంత వదలాలి, ఇలా అచ్చు పనిలో వాడే మాటలన్నిటికీ తెలుగులో అర్థాలు చెప్పే పుస్తకం. దాన్ని మొదలుపెట్టింది ఇద్దరు. పార్థసారథి, ఆయన పక్కగది సహోద్యోగి పేరయ్య. పేరయ్య సికింద్రాబాద్ ప్రెస్సులన్నీ తిరిగి, మిషన్ల పక్కన కూర్చుని, చేతులకి సిరా పూసుకుని మాటలు పట్టుకొచ్చేవాడు. పార్థసారథి ఫ్యాను కింద కూర్చుని వాటికి అర్థాలు రాసేవాడు. ఇలా పని సగం సగం పంచుకున్నామని పార్థసారథి చెప్పుకునేవాడు. పేరయ్య నవ్వి ఊరుకునేవాడు.

పేరయ్య కిందటేడు ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉండాలని మొదట అనుకున్న మాట. మనిషి పోయాక ఆ మాట కొంచెం పలచబడింది. అట్ట మీద ఒక్క పేరు చాలనీ, పేరయ్యకి పుస్తకం అంకితమిస్తే అందంగా ఉంటుందనీ పార్థసారథికి తోచింది. అట్ట తెరవగానే వచ్చే మొదటి పేజీలో 'కీర్తిశేషులు పేరయ్య స్మృతికి' అని ఒక్క వాక్యం పెట్టించాడు. తీరా చూస్తే ఆ పేజీకి సరిగ్గా ఎదురుగా తన ఫోటో వస్తోంది. అట్ట మీద తొడిగే రంగు కాగితాన్ని ప్రెస్సువాళ్ళు జాకెట్ అంటారు. దాని అంచు లోపలికి మడిచే చోట రచయిత ఫోటో వేస్తారు. తన మొహం, దాని పక్కనే కీర్తిశేషులు అన్న మాట! రిటైర్ కాబోయే మనిషికి ఇదేం శకునం? ఆ వాక్యం తీసేయమన్నాడు. మొదటి పేజీ ఖాళీగా మిగిలింది.

ఫోటో విషయంలో మాత్రం ఆయన రాజీ పడలేదు. నలుపు గట్టిగా పడాలి, మొహం పేజీ నిండా ఉండాలి, జాకెట్లు ఇవాళే అచ్చయి ఇవాళే తొడగాలి అని సీతాఫల్‌మండిలో ప్రెస్సు నడిపే వెంకటసాయిని నిలబెట్టి చేయించాడు. ఆ రాత్రికి ఐదు వందల పుస్తకాలూ జాకెట్లు తొడుక్కుని, దొంతర్లు దొంతర్లుగా బరువు కింద పడుకున్నాయి. మర్నాడు పొద్దున చూడబోతే జాకెట్ వీపు మీద పుస్తకం పేరు తలకిందులుగా ఉంది. పార్థసారథికి ఒళ్ళు మండింది. అక్కడికక్కడే జాకెట్లన్నీ ఊడదీయించి చెత్తలో వేయించాడు. జాకెట్లు లేకపోయినా ఫరవాలేదు, పుస్తకాలు మాత్రం రేపు తొమ్మిదికల్లా డిపార్ట్‌మెంట్‌లో ఉండాలన్నాడు. ఆ కోపంలో ఒక్క పుస్తకమైనా తెరిచి చూడలేదు.

పుస్తకం ఆ రోజు బయటికి రాకపోతే ఇక రాదని ఆయనకి తెలుసు. రిటైరైన మాస్టార్ల పుస్తకాలు ఏమవుతాయో డిపార్ట్‌మెంట్ మెట్ల కింది గదిలో ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాడు. వాటిని చెదలు తప్ప ఎవరూ మొదటి నుంచి చివరి దాకా చదవలేదు. ఉద్యోగమంతా కలిపి ఆయన రాసింది ఈ ఒక్క పుస్తకం. అది కూడా ఆ గదిలోకి వెళ్తుందేమోనన్న భయం కొన్నాళ్ళుగా ఆయనకి నిద్ర పట్టనివ్వడం లేదు.

డిపార్ట్‌మెంట్ వరండాలో పగలే చీకటిగా ఉంది. ఆయన గది ముందు అటెండర్ శాంసన్ పుస్తకాల కట్టలు దించుతున్నాడు. లోపల స్నిగ్ధ ఒక కట్ట విప్పింది. స్నిగ్ధ ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. పుస్తకమంతా కంప్యూటర్‌లో కంపోజ్ చేసి పేజీలు పెట్టింది ఆమే.

"శుభం. ఎలా వచ్చిందమ్మా?" అని అడిగాడు పార్థసారథి గుమ్మంలోంచే.

తెరిచిన పుస్తకాన్ని స్నిగ్ధ రెండు చేతులతో దూరంగా పట్టుకుని ఉంది.

"సార్, జర ఇటు చూడుండ్రి. ఈ పేజీల మనం ఏం పెట్టలే కద?"

ఖాళీగా ఉండవలసిన మొదటి పేజీ ఖాళీగా లేదు. అందులో ఒక మొహం ఉంది. గీత కాదు, బొమ్మ కాదు. బూడిద రంగులో, కాగితం లోపలినుంచి పైకి వస్తున్నట్టు ఒక మగమనిషి మొహం. వెడల్పు నుదురు, కళ్ళజోడు. ఆ కళ్ళజోడు వెనక కళ్ళున్నాయో లేవో చెప్పలేనంత పలచన.

"ఒక్క దాంట్లో ఏదో మరక పడి ఉంటుంది. ఇంకోటి తియ్యి."

ఇంకోటి తీసింది. అందులోనూ ఉంది. దాని కిందిదాంట్లోనూ ఉంది. కట్ట పైన ఉన్న పుస్తకాల్లో వట్టి కళ్ళజోడే కనిపిస్తోంది. కిందికి వెళ్ళేకొద్దీ నుదురు, ముక్కు, మీసం ఒక్కొక్కటీ తేలుతున్నాయి. అన్నిటికన్నా అడుగున ఉన్న పుస్తకంలో కనుబొమలు కూడా కనిపిస్తున్నాయి. ఎవరో వరండా చివర బయలుదేరి, ఒక్కొక్క పుస్తకం దాటుకుంటూ దగ్గరికి వస్తున్నట్టుంది. స్నిగ్ధ ఆ చివరిదాన్ని టక్కున మూసేసింది.

శాంసన్ తల వంచి తొంగిచూశాడు. చేతిలో కట్ట నేల మీదికి జారింది.

"సార్... పేరయ్యగారండీ."

"నోర్ముయ్యవయ్యా!"

"కుడివైపు పాపిడి చూడండి సార్. మన డిపార్ట్‌మెంట్లో కుడివైపు తీసేది ఆయనొక్కరే గదండీ."

పార్థసారథి చూశాడు. కుడివైపు పాపిడే. అద్దం చూసుకోవడం రానివాడివంటూ ఆ పాపిడి మీద ఆయన పేరయ్యని ఏడిపించని రోజు లేదు. వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయి, ఆయన వెనక్కి తిరిగాడు. వెనక ఎవరూ లేరు. గోడకి, పక్కగదిలోకి దారితీసే తాళం వేసిన తలుపు మాత్రం ఉంది. అది పేరయ్య గది.

ఇంతలో డిపార్ట్‌మెంట్ హెడ్డు శశిభూషణ్ వచ్చాడు. ఏ సమస్య వచ్చినా ముందు తలుపు మూసి, తర్వాత ఆలోచించే మనిషి ఆయన. మొహం చూడగానే తలుపు మూశాడు.

"ప్రింటింగ్‌లో పొరపాటు జరిగి ఉంటుందండీ," అన్నాడు.

"ఖాళీ పేజీలో పొరపాటేమిటండీ? అక్కడ తప్పు పడటానికి అసలేముంది?"

"ఖాళీ ఎందుకు పెట్టారు?"

పార్థసారథి వినిపించుకోనట్టు కిటికీ వైపు చూశాడు. స్నిగ్ధకి అంత లౌక్యం తెలీదు.

"ఆ పేజీల పేరయ్య సార్ పేరు ఉండె సార్. అంకితం అని. లాస్ట్ వీక్ సారే తీసెయ్యమన్నరు."

శాంసన్ మెడలో ఉన్న సిలువని వేళ్ళతో పట్టుకున్నాడు. శశిభూషణ్ తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో మళ్ళీ చూసుకున్నాడు.

వెంకటసాయికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. అవతల మిషన్ చప్పుడు లయగా వినిపిస్తోంది.

"ఏమయ్యా వెంకటసాయీ, మొదటి పేజీలో ఏం అచ్చేశావ్?"

"ఏం వెయ్యలే సార్. ఆ పేజీకి ప్లేట్ల ఏం లేదు. మీరే తీసెయ్యమంటిరి గద. ఖాళీ కాయితం పోయింది, ఖాళీ కాయితం వచ్చింది."

"ఖాళీగా లేదయ్యా. అందులో మొహం ఉంది."

"ఎవలి మొహం?"

పార్థసారథి చెప్పేలోపల శాంసన్ ఫోన్ మీదికి వంగి, "పేరయ్యగారిదండీ," అనేశాడు.

అవతల మిషన్ ఆగిపోయింది. తర్వాత వెంకటసాయి గొంతు బాగా తగ్గి వచ్చింది.

"ప్లేట్ల లేని మొహం కాయితం మీదికి ఎట్ల వస్తది సార్? పేరయ్య సార్ మా నాయినకు దోస్తు. గీ మిషన్ పక్కనే స్టూలేసుకొని చాయ్ తాగెటోడు. ఆ స్టూల్ ఇంకా గీడనే ఉన్నది సార్. నాకు ముందుగాల్నే డౌట్ ఉండె. ఆ సారు పేరు తీసిండ్రు, నాతోని తీపిచ్చిండ్రు. నేనైతే మిషన్ బంద్ పెడుతున్న. మౌలాలి గుట్ట ఎక్కి, దర్గాల చాదర్ ఎక్కించి వస్తా. నాకు ఫోన్ చెయ్యకుండ్రి సార్, మీకు దండం పెడ్త."

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆ ఫోన్ మోగలేదు. అచ్చు పని తెలిసిన ఒక్క మనిషీ అలా గుట్ట ఎక్కేశాడు.

ఇక చదువుకున్నవాళ్ళు సొంత తెలివితేటలు వాడవలసి వచ్చింది. ముందు స్నిగ్ధ రబ్బరు తెచ్చి మెల్లగా రుద్దింది. మొహం చెరగలేదు సరికదా, నోటి దగ్గర నలుపు పక్కకి జరిగి పెదవి చివర పైకి లేచింది. అప్పటిదాకా ఊరికే చూస్తున్న మొహం ఇప్పుడు నవ్వుతూ చూస్తోంది. పేరయ్య ఏదైనా పట్టుకున్నప్పుడు అచ్చం అలాగే నవ్వేవాడని శాంసన్ అన్నాడు. రబ్బరు ఎవరూ మళ్ళీ ముట్టుకోలేదు.

"ఆ కాగితమే చింపి పారేస్తే పోలా?" అన్నాడు శశిభూషణ్. అని తనే ఒక పుస్తకంలో మొదటి కాగితం పట్టుకుని లాగాడు. అది చక్కగా చేతిలోకి వచ్చింది. దాంతోపాటు కొన్ని పేజీల అవతల ఇంకో కాగితం కూడా ఊడి, గాల్లో తేలుతూ ఆయన చెప్పు మీద పడింది. అది వైస్ ఛాన్సలర్ గారు రాసిన ముందుమాట చివరి పేజీ, వారి సంతకంతో సహా. ఫారంలో మొదటి కాగితం, చివరి కాగితం ఒకే ముక్క. మధ్యకి మడిచి కుడతారు. ఒకటి లాగితే రెండోది నిలవదు. ఈ సంగతి పదకోశంలో 'ఫారం' అన్న మాట కింద ఉంది. అర్థం రాసింది పార్థసారథే.

"పేరయ్యగారు వీసీ గారిని కూడా పట్టుకున్నారండీ," అన్నాడు శాంసన్ వణుకుతూ.

చివరికి తెల్ల కాగితం కత్తిరించి మొహం మీద అతికిద్దామనుకున్నారు. జిగురు రాసి, జాగ్రత్తగా నొక్కారు. మొహం పూర్తిగా మాయమైంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ పీల్చుకున్న ఊపిరి ఇంకా వదలకముందే జిగురు తడికి పైకాగితం నాని అద్దంలా పలచబడింది. మొదట కళ్ళజోడు, దాని వెనక నుదురు, ఆ వెనక నవ్వు పైకి తేలాయి. ఈసారి ఇందాకటికన్నా నల్లగా ఉంది. శాంసన్ గడియ తీసుకుని వరండాలోకి పరుగెత్తాడు. వార్త కూడా ఆయనతోపాటే పరుగెత్తింది.

అర్ధగంటలో వరండా నిండిపోయింది. తరగతికి రాని పిల్లలందరూ వచ్చారు. క్యాంపస్‌లో క్లాసుకి హాజరు దొరకడం కష్టం గాని, దెయ్యానికి సాక్షులు దొరకడం చాలా తేలిక. మొన్న సాయంత్రం పేరయ్యగారి గదిలో లైటు వెలగడం చూశానని ఒకరన్నారు. లోపల కాగితాలు తిప్పుతున్న చప్పుడు విన్నానని ఇంకొకరన్నారు. అవి విన్నాక పార్థసారథికి కూడా, ఈ మధ్య పక్కగదిలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినిపించిందని గుర్తొచ్చింది. నిజంగా గుర్తొచ్చిందో, అప్పుడే పుట్టిందో ఆయనకే తెలియలేదు.

"ఇలా అయితే సభ జరగదండీ," అన్నాడు శశిభూషణ్ చెమట తుడుచుకుంటూ. "వాయిదా వేద్దామా?"

"వాయిదా అంటే మెట్ల కింది గదేనండీ!" అన్నాడు పార్థసారథి. "సాయంత్రానికి నేనెవర్ని? మీరెవరు? నా పుస్తకం ఎవరు పట్టించుకుంటారు?"

"అయితే ఒకటే దారి. జ్యోతిగారిని పిలిపిద్దాం."

జ్యోతి పేరయ్య భార్య. బడిలో లెక్కలు చెప్పి రిటైరై బౌద్ధనగర్‌లో ఉంటోంది. ఆవిడ వచ్చి ఒక మంచిమాట అంటే ఆయన శాంతిస్తాడని శశిభూషణ్ నమ్మకం. ఆవిడని సభకి పిలవాలన్న ఆలోచనే అంతవరకూ ఎవరికీ రాలేదు. పార్థసారథికి వచ్చింది గాని, అంకితం తీసేశాక ఏ మొహం పెట్టుకుని పిలుస్తామని మానేశాడు. ఇప్పుడు కారు పంపించారు.

అందరూ హాల్లోకి కుర్చీలు సర్దడానికి వెళ్ళాక పార్థసారథి గదిలో ఒంటరిగా మిగిలాడు. కిటికీ అవతల వాన సన్నగా పడుతోంది. కట్ట అడుగున ఉన్న పుస్తకం బల్ల మీద ఉంది. తెరవకూడదనుకుంటూనే తెరిచాడు. మొహం ఆయన వైపే చూస్తోంది. కోపంగా లేదు, దిగులుగా లేదు. కొంచెం చిరాగ్గా, ఏదో పని త్వరగా కానివ్వమన్నట్టుగా ఉంది.

"పేరయ్యా," అన్నాడు పార్థసారథి మెల్లగా. "ఏమిటోయ్ ఇది? ఒక్క వాక్యం తీశాననేగా? శకునం బాగాలేదని తీశాను. అంతే."

మొహం అలాగే చూస్తోంది. ఆ చూపుకి ఎదురుగా నిలబడి అబద్ధం చెప్పడం కష్టమైంది.

"శకునం కాదులే," అన్నాడు ఆయన కాసేపటికి. "ఆ మాటలన్నీ నువ్వే తెచ్చావు. నీ పేరు పక్కనుంటే అందరికీ తెలిసిపోతుందని తీశాను."

పక్కగదిలో ఎక్కడో పైనుంచి నీటిచుక్క పడ్డ చప్పుడైంది. అది చూరు కారడమే అయి ఉంటుంది. పార్థసారథి మాత్రం పుస్తకం చంకలో పెట్టుకుని, కుర్చీకి కాలు తగిలి పడబోయి, ఒక్క ఉదుటున హాల్లో వచ్చి పడ్డాడు. ఆయనకి భయం వేసింది. భయం కన్నా ఎక్కువగా సిగ్గు వేసింది.

డిపార్ట్‌మెంట్ చరిత్రలో ఆ హాలు ఎన్నడూ అంతగా నిండలేదు. వైస్ ఛాన్సలర్ గారు సైన్సు మనిషి. విషయం ముందే చెవిన పడింది గాని, ఇలాంటివి తాను నమ్మనని నవ్వుతూ చెప్పారు. రిబ్బను విప్పి, పుస్తకం తెరిచి, మొదటి పేజీ చూసి మూశారు. తర్వాత దాన్ని ఒళ్ళో పెట్టుకోకుండా పక్కన ఖాళీ కుర్చీలో పెట్టారు. ఆ కుర్చీ పేరయ్యకేనేమోనని వెనక వరసలో గుసగుసలు లేచాయి.

జ్యోతి వచ్చి ముందు వరసలో కూర్చుంది. తెల్లచీర, చేతిసంచీ, తడిసిన గొడుగు. శశిభూషణ్ ఆవిడ చేతిలో, మొహం అన్నిటికన్నా స్పష్టంగా ఉన్న పుస్తకం పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఆ పేజీ వైపు చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి స్టేజీ మీదున్న పార్థసారథి వైపు అంతకన్నా ఎక్కువసేపు చూసింది. ఏదో అనబోతున్నట్టు పెదవి కదిపింది.

ఆవిడ నోటంట ఆ మాట వినే ధైర్యం పార్థసారథికి లేకపోయింది. లేచి మైకు పట్టుకున్నాడు. మైకు బరబరమంది.

"ఒక్క విషయం చెప్పాలి," అన్నాడు. మైకు ఇంకా బరబరమంటూనే ఉంది. "ఈ పుస్తకంలో మాటలు నావి కావు. పేరయ్య తెచ్చినవి. ఎండనక వాననక ప్రెస్సులన్నీ తిరిగాడు. ఆ చేతుల సిరా నేనెప్పుడూ పూసుకోలేదు. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉండాలని అనుకున్నాం. వాడు పోయాక నేను వాడి పేరు అట్ట మీదనుంచి దించాను. తర్వాత మొదటి పేజీలోంచి కూడా తీయించాను. నేనే తీయించాను. ఇది మా ఇద్దరి పుస్తకం. ముందు వాడి పేరు, తర్వాత నా పేరు."

చివరి మాటకి మైకు శుభ్రంగా పలికింది. శాంసన్ పైకి చూసి సిలువ గుర్తు వేసుకున్నాడు. ఆ తర్వాత మోగిన చప్పట్లు ఆ డిపార్ట్‌మెంట్‌లో పదకోశానికి గాని, మరే కోశానికి గాని అంతకుముందు మోగలేదు. పార్థసారథి కుర్చీలో కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాక ప్రాణం చాలా తేలికపడింది.

భోజనాల దగ్గర పుస్తకాల కోసం తొక్కిసలాట జరిగింది. కళ్ళజోడు మాత్రమే ఉన్నవి వద్దని, మీసం దాకా ఉన్నవి కావాలని జనం అడిగి తీసుకున్నారు. పార్థసారథి ఆ గోలలోంచి బయటపడి వరండాలోకి వస్తే, జ్యోతి గొడుగు దులుపుకుంటూ నిలబడి ఉంది.

"అన్నయ్యగారూ, ఒక్క మాట," అంది పుస్తకం తెరిచి చూపిస్తూ. "లోపల అందరిముందూ అనలేదు. ఇది మా ఆయన కాదండీ."

"ఏమిటమ్మా?"

"ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఆ మాత్రం తెలీదా? ఆయన చెవులు ఇలా విచ్చుకుని ఉండవు. ఇది మీరే."

"నేనా? నా పాపిడి ఎడమవైపు కదమ్మా!"

"పాపిళ్ళ సంగతి నాకు తెలీదు. ఈ చిరాకు మాత్రం మీదే. మా ఆయన శవపేటికలో కూడా ఇంత చిరాగ్గా లేరు."

పార్థసారథి ఆవిడ చేతిలోంచి పుస్తకం అందుకున్నాడు. "చూడగానే తెలిసిందా?"

"తెలిసింది."

"మరి అప్పుడే అనలేదేమమ్మా?"

"అందామనే నోరు తెరిచాను. ఇంతలో మీరు మైకు దగ్గరికి లేచారు. లేచిన మనిషిని చూస్తే మా ఆయన పేరు చెప్పబోతున్నారనిపించింది. అడ్డుపడటం మర్యాద కాదని ఊరుకున్నాను," అని గొడుగు మడిచి సంచీలో పెట్టుకుంది జ్యోతి. తర్వాత ఒక్క క్షణం ఆగి, "బాగా చెప్పారు అన్నయ్యగారూ. ఆయన వింటే సిగ్గుపడి బయటికి వెళ్ళిపోయేవారు," అంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

పార్థసారథి పుస్తకం పట్టుకుని వరండా చివర చేతులు కడుక్కునే చోటికి వెళ్ళాడు. పంపు పైన గోడకి మచ్చలు పడ్డ పాత అద్దం ఉంది. మొదటి పేజీ తెరిచి అద్దం పక్కన పెట్టాడు. పేజీలోనూ, అద్దంలోనూ ఒకే మనిషి. అదే నుదురు, అదే కళ్ళజోడు, పాపిడి అదే వైపు, అదే చిరాకు. రోజూ పొద్దున్నే అరగంట చూసుకునే మొహం అది. లోకం చూసేది దాన్ని కుడి ఎడమలు తారుమారు చేసి. అందుకే క్యాంపస్ మొత్తంలో దాన్ని గుర్తుపట్టవలసిన మనిషి తనొక్కడే. ఆ తనే పట్టలేకపోయాడు.

జాకెట్ మీద తను గట్టిగా వేయించిన నలుపు, ముసురుకి ఆరక, రాత్రంతా బరువు కింద నలిగి ఎదుటి ఖాళీ పేజీకి అంటుకుంది. అడుగు పుస్తకాల మీద బరువు ఎక్కువ, అందుకే మొహమూ ఎక్కువ. ఇలా తడి సిరా పక్క కాగితానికి తిరగబడి అంటుకోవడాన్ని ప్రెస్సుల్లో సెట్ ఆఫ్ అంటారు. పదకోశంలో ఉంది. అర్థం రాసింది పార్థసారథే. కాకపోతే ఆ మాట తెచ్చినవాడు దాన్ని కళ్ళతో చూశాడు, అర్థం రాసినవాడు చూడలేదు.

ఇంతసేపూ తను వణికింది తన మొహం చూసే. ఆ సంగతి తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియక అద్దం ముందు అలాగే నిలబడ్డాడు. అందులో మనిషికీ ఏమీ తోచినట్టు లేదు. ఇప్పుడు వెళ్ళి అసలు విషయం చెప్పేస్తే దెయ్యం పోతుంది. దెయ్యం పోతే, దానికి జడిసి తను చెప్పిన మాట మాత్రం మిగులుతుందా? అని ఒక్క క్షణం ఆలోచించాడు.

శశిభూషణ్ వెతుక్కుంటూ వచ్చాడు. "ఇక్కడున్నారా! ఒక్క కాపీ మిగల్లేదండీ. వీసీ గారు రెండో ముద్రణ వేయించమన్నారు. ఇంతకీ పేరయ్యగారు శాంతించినట్టేనా?"

"శాంతించాడండీ," అన్నాడు పార్థసారథి పుస్తకం మూసి.

సాయంత్రం ఇంటికి చేరేసరికి వెంకటసాయి ఫోన్. మౌలాలి నుంచి దిగొచ్చాడట. గొంతులో ఇంకా భయం పోలేదు.

"సార్, రెండో ముద్రణ అంటున్నరు. అంతా విన్న. మొదటి పేజీల ఆ సారు మొహం ఉండాల్నా, వద్దా?"

"వద్దు. అట్ట మీద ఇద్దరి పేర్లు చాలు, ముందు ఆయనది. జాకెట్ మీద నా ఫోటో కూడా తీసెయ్. అన్నట్టు, సిరా బాగా ఆరేదాకా తొందరపడకు."

"దానికి, ఈ మొహానికి ఏమన్న సంబంధం ఉన్నదా సార్?"

"నువ్వు ఆరబెట్టవయ్యా బాబూ," అని ఫోన్ పెట్టేశాడు.

అమ్మాజీ శాలువా మడత పెడుతూ, ఆయన మొహం వైపు ఒకసారి చూసి, "ఏవిటండీ, ఇవాళ ఏదోలా ఉన్నారు. బాగున్నారు," అంది.

రెండో ముద్రణ ఏ లోపమూ లేకుండా వచ్చింది. మొదటి పేజీలో ఎవరూ లేరని కొందరు మాత్రం పుస్తకాలు వెనక్కి పంపించారు.